వార్డ్‌రోబ్ మధ్యలో గోడ ఏసీ: ప్రాజెక్టు డైరీ

పని ఏమిటంటే

పడకగదిలో ఒక గోడ మొత్తానికి, నేల నుంచి సీలింగ్ దాకా వార్డ్‌రోబ్ కడుతున్నాను. ఏసీ పెట్టడానికి వీలైన గోడ కూడా అదొక్కటే. మిగతా మూడింటిలో ఒకదానికి కిటికీ, ఇంకోదానికి తలుపు ఉన్నాయి, మూడోదాని అవతల పక్క గది. అవుట్‌డోర్ యూనిట్ సరిగ్గా ఈ గోడకి బయట వైపు ఉంది. కాబట్టి 1.5 టన్నుల ఏసీ వార్డ్‌రోబ్‌లోనే ఇమడాలి. ఇప్పుడది ఖాళీ గోడ మీద బాగానే చల్లబరుస్తోంది. ఫర్నిచర్ వచ్చాక కూడా అంతే బాగా చల్లబరచాలి, సర్వీసుకి వచ్చినవాళ్లు చెక్క విప్పాల్సిన పని ఉండకూడదు. షరతులు ఈ రెండే.

ప్లాన్ ఇది. ఎడమ, కుడి వైపుల 600 మిల్లీమీటర్ల లోతు అల్మారాలు. మధ్యలో 1200 వెడల్పు ఖాళీ. అందులో కింద రాసుకునే బల్ల, దానిపైన ఖాళీ గోడ, అన్నిటికంటే పైన ఏసీ గూడు.

ఇలాంటి పనుల ఫొటోలు చూస్తే చాలావాటిలో ఏసీ ముందు రీపర్లతో (సన్నటి చెక్క పట్టీలతో) అందమైన తలుపు పెట్టి యూనిట్ మొత్తం దాచేస్తారు. చూడ్డానికి నిజంగానే బాగుంటుంది. కానీ ఏసీకి గాలి పీల్చే నోరు పైన, వదిలే నోరు అడుగున ఉంటాయి, రెండింటి మధ్య దూరం ఒక అడుగు మాత్రమే. ఆ రెండు గాలులు కలవకుండా చూడటమే ఇక్కడ అసలు పని. చెక్క, మైకా, రంగు అన్నీ దాని తర్వాతే.

ఏసీ పనితీరు ఇక్కడే రాసి పెడుతున్నాను, ఎందుకంటే ముందు ముందు ప్రతి కొలతా దీన్నించే వస్తుంది. గదిలోని వేడి గాలి పైనున్న జాలీ గుండా లోపలికి వెళ్లి, ఫిల్టర్ దాటి, కాయిల్ (చల్లటి గ్యాస్ పారే గొట్టాల చుట్ట) రెక్కల మధ్య చల్లబడి, అడుగున ఫ్లాప్ (గాలి దిశ మార్చే రెక్క) దగ్గర బయటికి వస్తుంది. గాలిని తోసేది యూనిట్ పొడవునా ఉండే సన్నటి బ్లోయర్. దానికి చప్పుడు తక్కువ, తోసే బలమూ తక్కువే. డక్ట్ ఏసీలో ఫ్యాన్ అయితే అడ్డు వచ్చినా గాలిని నెట్టగలదు, దీనికి అంత శక్తి లేదు. ముందు రీపర్ల తలుపు అడ్డుపడితే వదిలిన గాలిలో కొంత భాగం వెనక్కి తిరిగి, దగ్గర్లో ఉన్న పీల్చే నోట్లోకే పోతుంది. గది ఉష్ణోగ్రత చూసే సెన్సర్ ఉండేది కూడా ఆ పీల్చే దారిలోనే, కాయిల్‌కి ముందు. దానికి చల్లగాలి తగిలిందంటే గది చల్లబడిపోయిందనే లెక్క. కంప్రెసర్ నెమ్మదిస్తుంది, లేదా ఆగిపోతుంది. గదిలో మనిషికి మాత్రం చెమటలు పడుతూనే ఉంటాయి. కాయిల్ మీదుగా వెళ్లే గాలి మరీ తగ్గితే దాని మీద మంచు కూడా కడుతుంది.

అట్టతో పరీక్ష

ప్లై కోయకముందే, ఏసీ ఇంకా పాతచోట గోడకి ఉండగానే, ఈ సంగతి కళ్లారా చూడాలనుకున్నాను. పెద్ద అట్టపెట్టెలు కోసి, టేపు వేసి, యూనిట్ చుట్టూ రేపు రాబోయే గూడు సైజులోనే అట్టగూడు కట్టాను. ముందు భాగానికి అడ్డంగా చీలికలు కోశాను, సగం అట్ట, సగం ఖాళీ. ఇంట్లో అందరికీ నచ్చిన రీపర్ల తలుపుకి ఇది నమూనా అన్నమాట. ఒక డిజిటల్ థర్మామీటర్‌ను పీల్చే జాలీ పైన వేలాడదీసి, ఇంకోదాన్ని గది మధ్యలో కుర్చీ ఎత్తున పెట్టాను. ఏసీని 24 మీద పెట్టి, ఫ్యాన్ ఫుల్ స్పీడ్.

టిష్యూ కాగితాన్ని వేలెడు వెడల్పు పట్టీలుగా చింపి, ఒక్కో చీలికకి ఒక్కోటి పై అంచున అంటించాను. పై చీలికల దగ్గర పట్టీలు లోపలికి వంగాయి, గాలి పీల్చుకుంటోంది, అది సరే. అడుగు చీలికల దగ్గర బయటికి రెపరెపలాడాయి, అదీ సరే. మధ్య వరస పట్టీలు మాత్రం కాసేపు వణికి, తర్వాత లోపలికి తిరిగి అట్టకి అతుక్కుపోయాయి. అక్కడ చెయ్యి పెడితే లోపలికి పోతున్న గాలి చల్లగా తగిలింది. ఏసీ తను వదిలిన గాలిని తనే మళ్లీ పీలుస్తోంది. కాసేపటికి పైన థర్మామీటర్ 21కి దిగింది, గది మధ్యలో ఇంకా 28. అవుట్‌డోర్ చప్పుడు కూడా తగ్గిపోయింది.

తర్వాత అట్టలో అడుగు సగం కోసి తీసేశాను, ఫ్లాప్ ముందు అడ్డేమీ లేకుండా. తేడా వెంటనే తెలిసింది, పైన 25 చూపించింది. అయినా యూనిట్‌కి రెండు పక్కలా ఉన్న సందుల్లో పట్టీలు పైకి లేస్తూనే ఉన్నాయి. అడుగు నుంచి చల్లగాలి ఆ పక్క సందుల గుండా పైకి ఎక్కుతోంది. ఫ్లాప్ ఎత్తులో, రెండు పక్కలా అట్టముక్కలతో అడ్డుగోడలాగా మూసేసరికి పట్టీలు కదలకుండా నిలబడ్డాయి. పైన 26.5, గదిలో 27. ఇక అంతకన్నా దగ్గరికి రావాల్సిన అవసరం లేదు.

మా ఆవిడ పట్టీలన్నీ తనే ఒక్కోటి చూసి, "అయితే ముందు తలుపు వద్దు. పైన గాలి పీల్చే చోట మాత్రం రీపర్లు పెట్టుకోవచ్చు కదండీ?" అంది. పెట్టుకోవచ్చు. ఎంత ఖాళీ వదిలి పెట్టాలన్నదే లెక్క వేయాలి.

కొలతలు

మా యూనిట్ 950 వెడల్పు, 295 ఎత్తు, 230 లోతు, అన్నీ మిల్లీమీటర్లలో. మాన్యువల్ ప్రకారం పైన కనీసం 150, రెండు పక్కలా 120 చొప్పున ఖాళీ ఉండాలి, నేల నుంచి ఎత్తు 2.3 మీటర్లకు తగ్గకూడదు. ఇవి కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి మారతాయి కాబట్టి ఎవరైనా తమ మాన్యువల్లో ఉన్న అంకెలే తీసుకోవాలి. 950కి రెండు 120లు కలిపితే 1190. అందుకే మధ్య ఖాళీకి 1200.

పైన 150 అనేది ఖాళీ గోడ మీద, ముందూ పక్కలా అంతా తెరిచి ఉన్నప్పటి మాట. గూడులో మూడు వైపులా చెక్క ఉంటుంది, గాలి ముందు నుంచి మాత్రమే రావాలి. అందుకని 200 వదిలాను. ఫుల్ స్పీడ్‌లో మా యూనిట్ గంటకు సుమారు 800 ఘనమీటర్ల గాలి తిప్పుతుంది, అంటే సెకనుకు 0.22 ఘనమీటర్లు. 1200 వెడల్పు, 200 ఎత్తు సందు అంటే 0.24 చదరపు మీటర్లు. గాలి వేగం సెకనుకు మీటరు లోపే. హాయిగా పీల్చుకోగలదు. అదే సందుకి సగం మూసే రీపర్లు పెడితే వేగం 1.85కి పోతుంది, చప్పుడు పెరుగుతుంది, గాలి తగ్గుతుంది. 10 మిల్లీమీటర్ల మందం రీపర్లు, మధ్యలో 30 ఖాళీ పెడితే ముప్పావు వంతు తెరిచే ఉంటుంది, వేగం 1.25 దాటదు. కాబట్టి రీపర్లు పెడితే అలాగే.

ఎత్తుల లెక్క: యూనిట్ అడుగు 2350 దగ్గర, తల 2645 దగ్గర, గూడు కప్పు 2845 దగ్గర. ఆపైన సీలింగ్ దాకా సాదా ప్యానెల్.

అసలు చిక్కు లోతులో ఉంది. అల్మారా లోతు 600, షట్టర్‌తో కలిపి 618. ఏసీ లోతు 230 మాత్రమే. గోడకి తగిలిస్తే యూనిట్ ముఖం షట్టర్ల కంటే 390 లోపలికి ఉండిపోతుంది. అలా ఉంటే ఫ్లాప్ నుంచి వచ్చే గాలి రెండు పక్కలా అల్మారా గోడలకి కొట్టుకుని గూడులోనే తిరుగుతుంది, అట్టపెట్టెలో చూసిందే మళ్లీ. యూనిట్ ముఖం షట్టర్ల కంటే కాస్త ముందుకే ఉండాలి. 20 మిల్లీమీటర్లు ముందుకి అనుకున్నాను. అప్పుడు యూనిట్ వీపు గోడకి 408 దూరంలో ఉంటుంది. గోడకీ ఏసీకీ మధ్య ఈ దూరాన్ని ఏదో ఒకటి మోయాలి.

ఇనుప ఫ్రేమ్

అల్మారా చెక్కకే మౌంటింగ్ ప్లేటు బిగించడం సులువైన దారి. నాకది ఇష్టం లేదు. బ్లోయర్ ఎంత మెత్తగా తిరిగినా సన్నటి అదురు ఉంటుంది, ఖాళీగా ఉన్న చెక్కపెట్టె దాన్ని తంబూరా బుర్రలా పెంచి వినిపిస్తుంది. రాత్రి పడుకునే గది ఇది. అందుకే 25 మిల్లీమీటర్ల స్క్వేర్ పైపుతో, 2 మిల్లీమీటర్ల మందంతో, పెట్టె ఆకారంలో ఫ్రేమ్ వెల్డింగ్ చేయించాను. బరువంతా గోడ మీదే, అల్మారా మీద ఏమీ ఉండదు.

బలం లెక్క కూడా వేసి చూశాను. యూనిట్, ప్లేటు కలిపి 12 కిలోలు. దాని బరువు మధ్యభాగం గోడ నుంచి 525 మిల్లీమీటర్ల దూరంలో పడుతుంది. ఫ్రేమ్‌కి పై బోల్టులకీ కింది బోల్టులకీ మధ్య 300. పై రెండు యాంకర్ల (గోడలోకి దిగి పట్టుకునే బోల్టుల) మీద కలిపి 21 కిలోల లాగుడు, అంటే ఒక్కోదానికి పదిన్నర. గట్టి ఇటుక గోడలో 10 మిల్లీమీటర్ల యాంకర్‌కి ఇది చిన్న భారమే. అయితే సర్వీసు చేసే మనిషి యూనిట్‌ని పట్టుకుని కిందికి లాగడం, ముందు బాడీ విప్పేటప్పుడు గుంజడం ఉంటాయి. అందుకని పైన రెండు కాకుండా నాలుగు, కింద రెండు యాంకర్లు వేశాను. గోడలో ప్లాస్టరింగ్ మందం వదిలేసి, ఇటుకలోకి ఎంత దిగిందన్నదే లెక్కలోకి తీసుకోవాలి. డ్రిల్ చేస్తుంటే ముందు బూడిదరంగు పొడి రాలుతుంది, ఎరుపు రంగు మొదలైందంటే ఇటుక తగిలినట్టు. అక్కడి నుంచి లోతు కొలుచుకున్నాను.

ఫ్రేమ్‌కి రెడ్ ఆక్సైడ్, దానిమీద ఎనామెల్ కొట్టాను, వెల్డింగ్ మూలల్లో సన్న బ్రష్‌తో రెండోసారి. ముందు భాగానికి 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై పలక బిగించి, వెనక్కి తగ్గించాల్సిన ఆ 18ని ఫ్రేమ్ పొడవులోంచి ముందే తీసేశాను. పలకకీ ఇనుముకీ మధ్య రబ్బరు వాషర్లు. రసమట్టం పెట్టి చూస్తే అడ్డంగా బుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది. ఏసీ లోపల కాయిల్ నుంచి కారే నీళ్లు పట్టే ట్రేలో అవి ఒక పక్కకి చేరకుండా ఉండాలంటే ఇది ముఖ్యం.

చెక్కపని

అల్మారాలు రెండూ నిలబడ్డాయి. వాటి గురించి ఎక్కువ రాయను, మామూలు బాక్సులే. మధ్య గూడు పలకలకి మాత్రం మెరైన్ ప్లై తప్ప ఇంకోటి వాడలేదు. ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన పలక) అంచుకి ఒకసారి తేమ తగిలితే ఉబ్బుతుంది, ఉబ్బినది మళ్లీ మామూలుగా అవ్వదు. కోసిన ప్రతి అంచుకీ, డ్రిల్ వేసిన ప్రతి కన్నం లోపలా ఎపాక్సీ సీలర్ పూశాను. మైకా అంటించాక కనపడని చోట్లే ముందు చెడిపోతాయి.

అడుగు పలక దగ్గర చాలాసేపు ఆలోచించాను. గోడ నుంచి యూనిట్ వీపు దాకా ఉన్న 408 ఖాళీని కింద మూయకపోతే చల్లగాలి వెనక నుంచి పైకి ఎక్కుతుంది, కాబట్టి పలక కావాలి. కానీ ఆ పలకని యూనిట్ అడుగుతో సమానంగా వేస్తే డ్రెయిన్ పైపుకి కిందికి దిగే చోటు ఉండదు. డ్రెయిన్ కొస యూనిట్ అడుగు అంచు దగ్గరే బయటికి వస్తుంది. గోడ కన్నం దాకా దాదాపు మీటరు దూరం. అందుకని పలకని యూనిట్ అడుగు కంటే 60 మిల్లీమీటర్లు కిందికి వేసి, ముందు అంచున నిలువు పట్టీ లేపి, ఆ పట్టీ పై అంచుని యూనిట్ వీపుకి మెత్తటి ఫోమ్‌తో ఆనించాను. పలక ఏ కొంచెం కూడా ఫ్లాప్ కిందికి రాదు. చల్లగాలి ఏ చెక్కకీ తగలకుండా నేరుగా గదిలోకి పోవాలి.

గోడ పక్కన, పలక చివర, వేలెడు వెడల్పు సందు కావాలనే వదిలాను. దానికి రెండు కారణాలు. ఎప్పుడైనా డ్రెయిన్ లీకైతే నీళ్లు పలక మీద నిలవకుండా ఆ సందులోంచి గోడ మీదికి దిగి కంటపడతాయి. రెండోది గ్యాస్. మా యూనిట్‌లో ఆర్32 ఉంది. దీని గ్లోబల్ వార్మింగ్ విలువ 675, అంతకుముందు వాడిన ఆర్410ఏ అయితే 2088, కాబట్టి కొత్త యూనిట్లలో చాలావరకు ఇదే వస్తోంది. కానీ ఇది కొద్దిగా మండే గుణం ఉన్న గ్యాస్, గాలి కంటే బరువు. నాలుగు వైపులా మూసిన పెట్టెలో లీకైతే అడుగున చేరుతుంది. గూడు ముందు తెరిచి ఉండటం, వెనక పలకకి సందు ఉండటం వల్ల అది పేరుకునే చోటు లేదు. తలుపు వేసి ఏసీని దాచడం నాకు నచ్చకపోవడానికి ఇది కూడా ఒక కారణం.

పలక కింది వైపు ముందు భాగం చల్లగాలి దారికి దగ్గరగా ఉంటుంది. అక్కడ చలి పలకకి ఎక్కకుండా 6 మిల్లీమీటర్ల నైట్రైల్ రబ్బర్ షీట్ అంటించాను. గదిలో 30 డిగ్రీలు, తేమ 70 శాతం ఉంటే 24 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీటి బొట్లు పడతాయి. ఏసీ వేసిన మొదటి అరగంటలో గది గాలి అలాగే తేమగా ఉంటుంది, పలక మాత్రం అప్పటికే చల్లబడటం మొదలవుతుంది.

రెండు పక్కల 120 సందులు మూయడానికి సన్నటి పలకలు, స్క్రూలు లేకుండా అయస్కాంతంతో అతుక్కునేవి. మెకానిక్ వచ్చినప్పుడు చేత్తో లాగితే వచ్చేస్తాయి. కుడి పక్క ఎలక్ట్రికల్ బాక్సు, మోటారు ఉంటాయి కాబట్టి అటువైపు స్క్రూడ్రైవర్‌తో సహా చెయ్యి దూరేలా ఉందో లేదో ఆ సందులో నా చెయ్యే పెట్టి చూసుకున్నాను. ఫ్రేమ్ ఎక్కడా అల్మారా బాక్సుకి తగలదు, చుట్టూ 5 మిల్లీమీటర్ల ఖాళీ, దాన్ని ఫోమ్ పట్టీతో మూశాను.

ఎడమ అల్మారా అటకలోంచి ఏసీ వెనక ఖాళీలోకి ఒక కిటికీ పెట్టాను, 350కి 300, మూత ఎత్తితే వచ్చేస్తుంది. పైపు జాయింట్లు, డ్రెయిన్, వైర్లు అన్నీ అక్కణ్ణించి అందుతాయి. ఏసీ స్విచ్, ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆపేసే స్విచ్) కూడా ఆ అటకలోనే, మిగతా గదితో సంబంధం లేని విడి లైను మీద.

గ్యాస్ లాక్, పైపులు

ఇవాళ మెకానిక్ వచ్చాడు. చెక్క, ఇనుము నేను చేసుకున్నాను గానీ గ్యాస్ పని తెలిసినవాళ్లే చేయాలి. ముందు గ్యాస్ లాక్, అంటే పైపులు విప్పేముందు గ్యాస్‌ని అవుట్‌డోర్‌లోకి చేర్చి మూయడం: కూలింగ్‌లో నడుపుతూ అవుట్‌డోర్ దగ్గర సన్న పైపు వాల్వ్ మూశాడు, గేజ్ సున్నా దగ్గరికి దిగుతుండగానే లావు పైపు వాల్వ్ కూడా మూసి వెంటనే కంప్రెసర్ ఆపేశాడు. గ్యాస్ మొత్తం అవుట్‌డోర్‌లోకి చేరింది. ఈ దశలో పైపు వదులుగా ఉండి కంప్రెసర్ గాలి పీలిస్తే లోపల ఒత్తిడి పెరిగి పేలే ప్రమాదం ఉంది. అందుకే కంప్రెసర్ పూర్తిగా ఆగాకే నట్టు మీద స్పానర్ పెట్టాలి.

గోడకి కొత్త కన్నం 65 మిల్లీమీటర్లు, బయటికి వాలుగా. పాత కన్నం మూసేశాం. పాత పైపుని అతికించి పొడిగిద్దామా అని అడిగాడు. వద్దన్నాను, కొత్త పైపు ఒకే ముక్కగా, పావు అంగుళం, అర అంగుళం. జాయింట్లు రెండు చివర్లా మాత్రమే.

ఫ్లేర్ వేసేటప్పుడు, అంటే నట్టులో గట్టిగా కూర్చునేలా పైపు కొసని గరాటులా విప్పేటప్పుడు, పక్కనే నిలబడి చూశాను, పని ఇష్టంగా చేసే మనిషి. కట్టర్‌తో కోసి, పైపు నోరు కిందికి వంచి లోపలి అంచున లేచిన గరుకు గీకాడు, రాగి రజను పైపులోకి పడకుండా. నట్టు ముందే ఎక్కించుకున్నాడు. ఫ్లేర్ అయ్యాక గోరుతో అంచు చుట్టూ తడిమి, ఎక్కడా గరుకు లేదని నాకూ చూపించాడు. చేత్తో నట్టు తిరిగినంత తిప్పి, తర్వాత రెండు స్పానర్లు. టార్క్ రెంచ్ (అనుకున్నంత బిగువు రాగానే క్లిక్ మనే స్పానర్) ఉంది అతని దగ్గర, పావు అంగుళానికి 16, అర అంగుళానికి 55 న్యూటన్ మీటర్ల దగ్గర క్లిక్ వచ్చింది. మరీ బిగిస్తే ఫ్లేర్ పలచబడి చీలుతుంది, వదులైతే లీకు.

"సార్, జాయింటుకి చెయ్యి అందేలా పెట్టారు. చాలా ఇళ్లల్లో ఫర్నిచర్ విప్పితే గానీ ఇది కనపడదు" అన్నాడు అటకలో తల పెట్టి.

నైట్రోజన్ నింపి సబ్బు నురగ పూసి చూశాం, బుడగ రాలేదు. తర్వాత వాక్యూమ్ పంపు, 500 మైక్రాన్ల (పైపులో మిగిలిన ఒత్తిడికి కొలత) కిందికి దిగేదాకా. పంపు ఆపి గేజ్ ముల్లు కదలకుండా ఉందో లేదో ఓపికగా చూశాడు. అది నిలబడ్డాకే వాల్వులు తెరిచాడు. వాక్యూమ్ కొట్టకుండా కొంచెం గ్యాస్ వదిలి గాలి తోసేసే అలవాటు కొందరికి ఉంది. పైపులో మిగిలిన తేమ తర్వాత కంప్రెసర్ ఆయిల్‌ని పాడుచేస్తుంది. ఆ తొందర ఎవరు పెట్టినా ఒప్పుకోకూడదు.

నీళ్లు

డ్రెయిన్‌కి ముడతల పైపు వద్దని, గోడ దాకా గట్టి పీవీసీ వేశాను. ముడతల పైపు మధ్యలో కుంగితే నీళ్లు నిలుస్తాయి, కొన్నాళ్లకి అక్కడే పాచి పడుతుంది. వాలు మీటరుకి 20 మిల్లీమీటర్లు. 10 ఇచ్చినా సరిపోతుందంటారు, నాకు చోటు ఉంది కాబట్టి రెట్టింపు ఇచ్చాను. పైపు మొత్తానికి ఇన్సులేషన్ తొడిగాను, లోపల పారే నీళ్లు చల్లగా ఉండి పైపు బయట కూడా చెమర్చుతుంది కాబట్టి. బయట కొస గాలిలో వేలాడుతోంది, బకెట్ నీళ్లలో మునగదు.

యూనిట్ ముందు మూత ఎత్తి, ఫిల్టర్లు తీసి, ట్రేలో లీటరు నీళ్లు నెమ్మదిగా పోశాను. బయట కొస దగ్గర మా ఆవిడ గిన్నె పట్టుకుంది. ధార ఆగకుండా వచ్చింది, పోసిన నీళ్లలో కొద్దిగా తప్ప అన్నీ గిన్నెలోకి చేరాయి. ఉక్కపోతగా ఉన్న రోజుల్లో ఈ సైజు ఏసీ గంటకి లీటరు పైనే నీళ్లు తీయగలదు. కాబట్టి ఈ పరీక్ష కాకుండా గూడు మూయకూడదు.

ఆన్ చేశాక

24, ఫుల్ స్పీడ్, థర్మామీటర్లు మళ్లీ పాత చోట్లలోనే. గది నిలకడగా చల్లబడుతున్నప్పుడు పీల్చే చోట 26, గది మధ్యలో 26.5, ఫ్లాప్ దగ్గర 14.5. పీల్చే గాలికీ వదిలే గాలికీ తేడా పదకొండున్నర డిగ్రీలు, ఖాళీ గోడ మీద ఉన్నప్పుడూ ఇంచుమించు ఇంతే ఉండేది. టిష్యూ పట్టీలు కూడా మళ్లీ అంటించాను. పై సందులో లోపలికి, ఫ్లాప్ ముందు బయటికి, పక్క పలకల అంచుల దగ్గర చలనం లేదు. గోడ పక్కన వదిలిన సందు దగ్గర పట్టీ కొద్దిగా పైకి లేచింది గానీ చెయ్యి పెడితే వచ్చేది గది గాలే, చల్లగా లేదు.

అదురు సంగతి. అల్మారా షట్టర్ల మీద, పక్క పలకల మీద వేళ్లు ఆనించి చూశాను, ఏమీ తెలియలేదు. ఇనుప ఫ్రేమ్ మీద పెడితే మాత్రం సన్నగా గిలి. ఆ అదురు ఫ్రేమ్ దగ్గరే ఆగిపోతోంది, నాకు కావాల్సిందీ అదే.

రాత్రంతా నడిపి, పొద్దున్నే అటక కిటికీ తీసి, పొడి టిష్యూతో ప్రతి జాయింటూ, పలక అంచులూ తుడిచాను. ఒక్కచోట తడి తగిలింది: లావు పైపు ఫ్లేర్ నట్ దగ్గర, ఇన్సులేషన్ ముక్కలు రెండూ కలిసే చోట వెంట్రుకవాసి సందు. దాని కింద పలక మీద గుండ్రంగా రూపాయి బిళ్లంత తడి. మెకానిక్ సాయంత్రం వచ్చి ఇన్సులేషన్ టేపుతో రెండు వరసలు చుట్టాడు. మర్నాడు పొడిగా ఉంది. ఇదే జాయింట్ మూసేసిన చెక్క వెనక ఉంటే, పలక నల్లబడి వాసన వచ్చేదాకా తెలిసేది కాదు.

సర్వీసు రిహార్సల్ కూడా అతనితోనే చేయించాను. ఫిల్టర్లు తీయడం, ముందు బాడీ మొత్తం విప్పడం, నీళ్లతో కడిగేటప్పుడు కింద కట్టే కవర్ తగిలించడం. బాడీని కింది నుంచి లాగి పైకి ఎత్తి తీయాలి, పైనున్న 200 ఖాళీ దానికి బాగా సరిపోయింది. కవర్ కట్టడానికి పక్క పలకలు తీస్తే చాలు.

రీపర్లు

పై సందుకి రీపర్లు తయారయ్యాయి. నిలువుగా, 10 మందం, 30 ఖాళీ, అల్మారా షట్టర్ల మైకా రంగే. మొత్తం ఒకే ఫ్రేమ్‌గా చేసి అయస్కాంతాలతో నిలబెట్టాను, బాడీ విప్పేటప్పుడు చేత్తో తీసి పక్కన పెట్టొచ్చు. యూనిట్ ముఖం ముందు ఏమీ లేదు కాబట్టి రిమోట్ ఎక్కణ్ణించి నొక్కినా అందుతోంది.

రీపర్లు పెట్టాక పీల్చే చోట, గది మధ్యలో రీడింగులు మళ్లీ చూశాను, మారలేదు. ఫుల్ స్పీడ్‌లో చెవి దగ్గర పెడితే గాలి చప్పుడు ఒక పిసరు పెరిగినట్టు అనిపించింది, మంచం మీద నుంచి తేడా తెలియలేదు. చూపు విషయానికొస్తే తెల్లటి యూనిట్ కనపడుతూనే ఉంది. పైన రీపర్లు, పక్కన షట్టర్లు ఒకే రంగులో ఉండటం వల్ల అది అల్మారాలో ఒక భాగంలాగే కలిసిపోయింది. అతిథుల కంట ఏసీ పడకూడదన్న పట్టుదల ఉన్నవాళ్లకి ఇది సరిపోకపోవచ్చు. నాకు మాత్రం గది చల్లబడటమే ముఖ్యం.

మిగిలినవి

బల్లపైన ఎల్‌ఈడీ పట్టీ వేయాలి. దాని అడాప్టర్ ఏసీ వెనక ఖాళీలో కాకుండా అటకలో పెడతాను, అక్కడ తేమ ఉండదు. అటక కిటికీ మూత లోపలి వైపు పైపుల దారి, యాంకర్ల చోట్లు, ఎంసీబీ ఏదో కాగితం మీద గీసి అంటించాలి, రేపు వచ్చే మెకానిక్ ఇతనే కాకపోవచ్చు. ఫిల్టర్లు రెండు వారాలకోసారి కడగాలి. గూడులో ఉన్న ఏసీకి దుమ్ము పట్టిన ఫిల్టర్ అంటే పీల్చే దారి ఇంకా ఇరుకవ్వడమే.

ఏసీ వెనక అడుగు పలకకి ఇంకా మైకా అంటించలేదు, కావాలనే ఆపాను. వానాకాలం వెళ్లాక కిటికీ తీసి ప్లై అంచుల్లో తేమ ఎక్కిందేమో చూస్తాను. ఎక్కితే ఆ అంచులకి ఇంకో కోటు ఎపాక్సీ, లేకపోతే నేరుగా మైకా.